పసిపిల్లల పద్దు

తెల్లవారకముందే ఆల్బుకర్కీలో వ్యాను బయల్దేరింది. జనవరి చలి ఎముకలు కొరుకుతోంది. వ్యానులో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే. కొందరు డే కేర్‌లో టీచర్లు, కొందరు ఇంట్లోనే ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకునేవాళ్లు. కాళ్ల దగ్గర పిల్లలు రంగులద్దిన అట్టముక్కలు. గంటసేపు కొండదారి ఎక్కితే శాంటా ఫే వస్తుంది. న్యూ మెక్సికో రాష్ట్ర శాసనసభ ఉండేది అక్కడే. గుండ్రంగా కట్టిన ఆ భవనాన్ని అందరూ రౌండ్‌హౌస్ అంటారు.

“పిల్లల్ని ఎవరికి అప్పజెప్పావే?” పెద్దావిడ అడిగింది.

“మా చెల్లికి, అక్కా. దాని పని పోతుందిగా, ఈ రోజు కూలి నేనే ఇస్తానన్నా.”

“రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఏం చెప్పాలో అనుకున్నావా?”

“అనుకున్నాలే. పోయినేడూ అనుకున్నా. పిలిస్తే కదా!”

ఈ ఇద్దరికీ పేర్లు లేవు. 2010 తర్వాత పదేళ్లపాటు ఏటా ఆ దారిన వెళ్లిన టీచర్ల తరఫున, తల్లుల తరఫున ఊహించిన పాత్రలు వీళ్లు. వాళ్ల మాటలూ ఊహించినవే. కానీ వాళ్లు ఏ డబ్బు అడగడానికి వెళ్లారో, ఎవరు కాదన్నారో, చివరికి ఏమైందో, అదంతా జరిగిన కథ.

పేదరికంలో ఉన్న పిల్లల సంఖ్య చూసినా, పిల్లల చదువు చూసినా న్యూ మెక్సికో అమెరికాలో అట్టడుగున ఉండే రాష్ట్రం. పిల్లల బాగోగుల మీద అనీ ఈ. కేసీ ఫౌండేషన్ ఏటా వేసే లెక్కలో 2013లో అది యాభయ్యో స్థానానికి పడిపోయింది. ఆ తర్వాతా చాలా ఏళ్లు అక్కడో, దానికి ఒక మెట్టు పైనో ఉంది. అలాగని రాష్ట్రానికి సొమ్ము లేదా అంటే, ఉంది. 1898లో ఒకసారి, 1910లో మరోసారి కేంద్ర ప్రభుత్వం బడుల కోసమని ఈ ప్రాంతానికి భూములిచ్చింది. ఆగ్నేయ మూలన ఉన్న పర్మియన్ బేసిన్‌లో ఆ భూముల కింద చమురు, గ్యాసు పడ్డాయి. వాటి రాయల్టీలు చేరి చేరి భూదాన శాశ్వత నిధి అనే పెద్ద మూట అయింది. 2022 నాటికి దాని విలువ 2,500 కోట్ల డాలర్లు దాటింది. అసలు కదపరు. అప్పట్లో గత ఐదేళ్ల సగటు విలువలో 5 శాతం ఏటా తీసి ఎక్కువ భాగం బడులకు ఇచ్చేవారు. బడి అంటే ఐదేళ్లు నిండిన పిల్లలది. పుట్టినప్పటి నుంచి బడిలో చేరేదాకా మెదడు అన్నిటికంటే వేగంగా ఎదిగే ఆ ఏళ్లకు ఈ నిధిలో పద్దే ఉండేది కాదు.

వ్యానులో వెళ్తున్నవాళ్లు అడిగింది ఒక్కటే: ఇంకో శాతమో, ఒకటిన్నర శాతమో తీసి ఆ పద్దు తెరవండి.

దానికి రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించాలి. ఉభయ సభలూ తీర్మానం చేయాలి, తర్వాత ప్రజలు ఓటెయ్యాలి. ఇందులో గవర్నరు సంతకంతో పని లేదు. గవర్నరుకు ఇష్టం లేకపోయినా తీర్మానాన్ని ఆపలేరు. కాబట్టి భారమంతా సభల మీదే. ఆ సభల పద్ధతి ఎలాంటిదంటే, సరి సంవత్సరాల్లో ముప్పై రోజులు, బేసి సంవత్సరాల్లో అరవై రోజులు, అంతే సమావేశాలు. సభ్యులకు జీతాల్లేవు. అంత తక్కువ వ్యవధిలో ఒక బిల్లును ఓడించాలంటే దాని మీద ఓటు పెట్టాల్సిన పనే లేదు. కమిటీ అజెండాలోకి రాకపోతే చాలు, గడువు ముగిసిన రోజు అదే పోతుంది. దిగువ సభ ఈ తీర్మానాన్ని పలుమార్లు ఆమోదించింది. ఎగువ సభ అయిన సెనేట్‌కు వెళ్లిన ప్రతిసారీ కథ అక్కడే ఆగింది, ముఖ్యంగా ఆర్థిక కమిటీ గుమ్మం దగ్గర.

అప్పట్లో ఆ కమిటీ అధ్యక్షుడు జాన్ ఆర్థర్ స్మిత్. డెమింగ్ ఊరి మనిషి, 1989 నుంచి సెనేటర్. ఖర్చుకు ఒక పట్టాన ఒప్పుకోడని ‘డాక్టర్ నో’ అని పేరు. ప్రతిపక్షమా అంటే కాదు, తీర్మానం తెచ్చినవాళ్లూ ఆయనా ఒకటే పార్టీ, డెమోక్రాట్లు. ఆయన వాదనను కొట్టిపారేయడం న్యాయం కాదు. చమురు ఏదో ఒక రోజు అయిపోతుంది, ఆ రోజు ఈ రాష్ట్రాన్ని నిలబెట్టేది ఈ నిధే, ఇప్పుడు ఎక్కువ తీస్తే రేపటి పిల్లలకు తక్కువ మిగులుతుందన్నాడు. విత్తనాల వడ్లు వండుకోవద్దని చెప్పే ఇంటిపెద్ద మాట లాంటిదది. ఆ భయం ఆయన ఒక్కడిదీ కాదు. 2003లో బడుల కోసం కొన్నేళ్లపాటు ఈ నిధి నుంచి కాస్త ఎక్కువ తీసుకునేందుకు ప్రజల అనుమతి అడిగితే, రాష్ట్రమంతా కలిపి 195 ఓట్ల తేడాతో గట్టెక్కింది.

అయినా నా మనసు వ్యానులోని ఆడవాళ్ల వైపే మొగ్గుతుంది. రేపటి పిల్లలనే మాటలో ఇవాళ మూడేళ్లున్న బిడ్డ ఎక్కడుంది? మొదటి ఏడాది రౌండ్‌హౌస్‌కు తల్లి ఎత్తుకుని తీసుకెళ్లిన పాప, తీర్మానం నెగ్గే నాటికి హైస్కూలుకు దగ్గరపడి ఉంటుంది. నిధి తర్వాతైనా పెరుగుతుంది. ఆ పాపకు మూడో ఏడు మళ్లీ రాదు.

పట్టు వదలని సంస్థల్లో ఓలే ఒకటి. శ్రామిక కుటుంబాలను, డే కేర్ టీచర్లను కూడగట్టిన సంఘమది. న్యూ మెక్సికో వాయిసెస్ ఫర్ చిల్డ్రన్ లెక్కలు తీసి సభ్యుల ముందు పెట్టేది. సెయింట్ జోసెఫ్స్ చిల్డ్రన్ అనే క్యాథలిక్ సంస్థను నడిపే అలెన్ సాంచెజ్ ఏటా సమావేశాల్లో కనబడేవాడు. ఇలాంటి స్వచ్ఛంద సంస్థలకు అమెరికా పన్ను చట్టం గీసిన గీత ఒకటుంది. పన్ను మినహాయింపున్న దాతృత్వ సంస్థ ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమనడానికి వీల్లేదు. 1954 నుంచి ఆ నిషేధం ఉంది. చట్టం మార్చమని శాసనసభ్యుల్ని అడగొచ్చు, ప్రజల ముందుకొచ్చిన సవరణకు మద్దతు కూడగట్టొచ్చు, అయితే ఖర్చు పరిమితిలో ఉండాలి. ఇది తెలియక ‘రాజకీయాలు మనకెందుకు’ అని గేటు దగ్గరే ఆగిపోయే సంస్థలు ఎన్నో. ఇక్కడివాళ్లు ఆ గీత ఎక్కడుందో తెలుసుకుని, దాని దాకా వెళ్లారు.

2020 జూన్ 2న పార్టీ అంతర్గత ఎన్నికల్లో స్మిత్ ఓడిపోయాడు. ఆయనతోపాటు సెనేట్‌లో పాతుకుపోయిన మరికొందరు సొంత పార్టీ పెద్దలూ ఓడిపోయారు. పిల్లల నిధి ఒక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. పాత గర్భస్రావ నిషేధ చట్టం రద్దును అడ్డుకున్నారన్న కోపం అంతకంటే గట్టిగా పనిచేసింది. ఏమైతేనేం, గుమ్మం దగ్గర మనిషి మారాడు.

2021 సమావేశాలు మొదలయ్యేసరికి కోవిడ్ వల్ల రౌండ్‌హౌస్‌లోకి జనాన్ని రానివ్వలేదు. చుట్టూ కంచె వేశారు. విచారణలన్నీ జూమ్‌లో.

“వ్యాను అక్కర్లేదు అక్కా, ఈసారి ఇక్కణ్నుంచే మాట్లాడొచ్చు.”

“మరి పిల్లలు గోల చేస్తే?”

“చెయ్యనీ. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లూ వింటారు.”

ఆ మార్చిలో ఉభయ సభలూ తీర్మానాన్ని ఆమోదించాయి. ఏళ్ల తరబడి దాన్ని భుజాన మోసిన సభ్యుల్లో ఒకరైన హావియెర్ మార్టినెజ్ 2023లో దిగువ సభ స్పీకరయ్యాడు. నిధి నుంచి అదనంగా 1.25 శాతం తీస్తారు. అందులో 60 శాతం పసిపిల్లలకు, 40 శాతం బడులకు. నిధి సగటు విలువ 1,700 కోట్ల డాలర్ల కిందికి పడిపోతే అదనపు తీత ఆగిపోతుంది. స్మిత్ భయానికి చోటిచ్చింది ఆ చివరి షరతే. అది ఉండాల్సిందే అనిపిస్తుంది నాకు.

2022 నవంబర్ 8న పదిమందిలో ఏడుగురు అవునన్నారు. పంతొమ్మిదేళ్ల క్రితం 195 ఓట్లతో గట్టెక్కిన రాష్ట్రమే ఇది. అంతటితో అయిపోలేదు. భూములిచ్చిన చట్టం కేంద్రానిది కాబట్టి కేంద్ర చట్టసభ అయిన అమెరికా కాంగ్రెస్ కూడా సరేననాలి. ఆ డిసెంబర్ చివర్లో వేల పేజీల బడ్జెట్ బిల్లులో ఒక మూలన ఆ అనుమతీ వచ్చింది. ఏడాదికి దాదాపు 15 కోట్ల డాలర్లు పసిపిల్లల పద్దులోకి వచ్చే దారి పడింది.

ఆ పద్దును ఖర్చుపెట్టడానికి అప్పటికే ఒక శాఖ సిద్ధంగా ఉంది. గవర్నర్ మిషెల్ లుహాన్ గ్రిషమ్ హయాంలో 2019లో చట్టం చేసి, 2020 జూలైలో పసిపిల్లల కోసమే విడిగా దాన్ని నెలకొల్పారు. 2025 నవంబర్ 1 నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా రాష్ట్రంలోని కుటుంబాలన్నిటికీ పిల్లల సంరక్షణ ఉచితమని ప్రకటించారు. అమెరికాలో ఏ రాష్ట్రమూ అప్పటిదాకా చేయని పని.

ఫీజు లేదు సరే, పిల్లల్ని చేర్చుకునే చోట్లు సరిపోవు. చోట్లు పెరగాలంటే టీచర్లు కావాలి, టీచర్లు నిలవాలంటే జీతాలు పెరగాలి. కనీసం గంటకు 18 డాలర్లు ఇస్తామని ఒప్పుకున్న కేంద్రాలకు రాష్ట్రం ఎక్కువ రేటు కడుతోంది. బడి టీచరు జీతంతో పోలిస్తే అది ఇంకా తక్కువే. 2026 జనవరిలో ముప్పై రోజుల సమావేశాలు మళ్లీ మొదలయ్యాయి.

“ఈసారి దేనికే?”

“జీతానికి, అక్కా. మన జీతానికి.”