కుట్టుమిషను కథ: మంచి యంత్రమునకు గుర్తులు

అనంతపురము పీఠభూమిపై ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు సకాలమునకు రాదు. వేరుసెనగ పండని ఏట కుటుంబములను ఆదుకొను పనులలో కుట్టుపని యొకటి. రాయదుర్గము జీన్సు దుస్తుల తయారీకి పేరుపొందినది. పాతచీరెలు పొరలుగా పేర్చి కుట్టు బొంతలు, లంబాడీల అద్దాల కుట్టు ఈ ప్రాంతమువారికి క్రొత్త కావు. ఇట్టి పనులకు ఖరీదైన మిషను కొనదలచినవారు దాని రంగును గాక లోపలి ఏర్పాటును చూడవలెను. ఆ ఏర్పాటు ఒక్కనాడు పుట్టినది కాదు.

ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో ఒక కుట్టుయంత్రమునకు పేటెంటు పొందినాడు. సైనికుల దుస్తులు కుట్టుటకు అట్టివి సుమారు 80 అమర్చగా, తమ పొట్టకొట్టునని భయపడిన దర్జీలు 1831లో వాటిని పగులగొట్టిరి. అతని యంత్రము ఒకే దారముతో గొలుసుకుట్టు వేసెడిది. గొలుసుకుట్టు ఒకచోట తెగినచో వరుస యంతయు ఊడివచ్చును.

అమెరికాలో ఎలయాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన యంత్రమున సూది బెజ్జము మొనవద్ద నుండును. సూది గుడ్డ క్రిందికి దిగి కొంచెము పైకి లేవగానే దారము ఉచ్చువలె ఏర్పడును. ఆ ఉచ్చులోనుండి షటిల్ క్రిందిదారమును దాటించును. రెండు దారములు గుడ్డ మందము నడుమ పెనవేసుకొనును. కనుక ఈ కుట్టు సులభముగా ఊడదు. అలెన్ విల్సన్ 1851లో గుండ్రముగ తిరుగు కొక్కెమును, 1854లో గుడ్డను ముందుకు జరుపు పళ్లను రూపొందించినాడు. హెలెన్ బ్లాంచర్డ్ అను స్త్రీ 1873లో వంకరటింకర కుట్టుకు పేటెంటు పొందినది. భారతదేశములో 1935లో కలకత్తాలో స్థాపితమైన జయ్ ఇంజనీరింగ్ సంస్థ ‘ఉషా’ మిషన్లను తయారుచేసినది.

ఈ చరిత్రయే ఎంపికకు దారి చూపును. బొంత కుట్టునపుడు పళ్లు అడుగుపొరను జరుపును. పైపొర పాదము రాపిడివలన వెనుకబడి ముడతలు పడును. కావున పాదము ఒత్తిడిని సవరించు వీలు, పైపొరనుకూడ జరుపు పాదము, సూదికి కుడిప్రక్క బొంత చుట్ట పట్టునంత చోటు ఉండవలెను. ఎంబ్రాయిడరీకి పళ్లను క్రిందికి దించు వీలుండవలెను. అప్పుడే చట్రములో బిగించిన గుడ్డను చేతితో ఎటైనను త్రిప్పవచ్చును. కంప్యూటరు మిషను ఎన్నో పూలను తానే కుట్టును. కాని కరెంటు హెచ్చుతగ్గులకు దానిలోని సర్క్యూటు చెడవచ్చును. దానిని బాగుచేయువాడు, విడిభాగములు దగ్గరి పట్టణములో దొరకనిచో అంత ఖరీదు పెట్టియు పని ఆగిపోవును. కూలి ఆ మిషనుపైననే ఆధారపడిన ఇంటికి ఇది చిన్న నష్టము కాదు.

కొనుటకు ముందు తాము నిత్యము కుట్టు గుడ్డనే అన్ని పొరలతో తీసికొనిపోయి కుట్టి చూడవలెను. క్రిందిదారము పైకి కనిపించినచో పైదారము బిగువు ఎక్కువయినదని అర్థము. బిగువు సవరించిన పిమ్మట రెండువైపుల కుట్టు ఒకేరీతిగా నుండి, మందమైన అతుకుమీద కూడ కుట్టు తప్పనిచో ఆ మిషను నమ్మదగినది.