స్ప్లిట్ కొడితే ప్రొటీన్ ఎందుకు చెదిరిపోతుంది?

పైథాన్‌లో టెక్స్ట్ ఫైల్ చదవమంటే మనం ఫస్ట్ చేసేది ఏంటి? లైన్ తీసుకుని స్పేస్ దగ్గర స్ప్లిట్ కొట్టడం. చాలా ఫైళ్లకి అది చాలు. ప్రొటీన్ డేటా బ్యాంక్ వాళ్ల పీడీబీ ఫైల్‌కి మాత్రం చాలదు. ఎందుకో తెలియాలంటే ఒక అట్టముక్క దగ్గరికి వెళ్లాలి.

1928లో ఐబీఎం 80 కాలమ్‌ల పంచ్ కార్డు తెచ్చింది. ఒక్కో కాలమ్‌లో ఒక్కో అక్షరం, చిల్లుల రూపంలో. మధ్యలో కామాలతో పనిలేదు, ఏ గడిలో ఉందన్నదే ముఖ్యం. బ్యాంకు ఫారంలో గడికో అక్షరం నింపుతాం చూడండి, అలాగన్నమాట. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ఆ కార్డుల మీదే పెరిగింది. ఎఫ్8.3 అని రాస్తే 8 గడులు తీసుకుంటుంది, అందులో దశాంశం తర్వాత 3 అంకెలు. మధ్యలో స్పేస్ ఉందా లేదా అని అది చూడనే చూడదు.

1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో ప్రొటీన్ డేటా బ్యాంక్ మొదలైంది. దాని ఫైల్‌లో కూడా లైన్‌కి 80 గడులే! పరమాణువు ఎక్స్ విలువ 31 నుంచి 38, వై 39 నుంచి 46, జెడ్ 47 నుంచి 54. చైన్ అక్షరం 22వ గడి, అమైనో ఆసిడ్ నంబర్ 23 నుంచి 26.

ఇప్పుడు అసలు సంగతి. నంబర్ 999 దాకా చైన్‌కీ దానికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. 1000 రాగానే రెండూ అతుక్కుని 'ఎ1000' అయిపోతాయి. కరోనా స్పైక్ ప్రొటీన్‌లో 1273 అమైనో ఆసిడ్‌లు, కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కేసేం కాదు. స్ప్లిట్ చేస్తే ఒక ముక్క తగ్గుతుంది, మిగతావన్నీ ఒక స్థానం ముందుకి జరుగుతాయి. మీ కోడ్ వైని ఎక్స్ అనుకుంటుంది, జెడ్‌ని వై అనుకుంటుంది. జెడ్ ప్లేస్‌లోకి ఆక్యుపెన్సీ వస్తుంది, అది చాలాసార్లు 1.00. ఎర్రర్ రాదు, ఎందుకంటే అన్నీ నంబర్లే! ప్రోగ్రామ్ క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది, నాకు భయం ఇలాంటివాటితోనే.

మందు సింపుల్. స్ప్లిట్ వదిలేసి స్లైస్ చేయండి. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి ఎక్స్‌కి 30 నుంచి 38, చివరి 38 కలవదు. తర్వాత స్ట్రిప్ చేసి ఫ్లోట్‌గా మార్చండి.

గడులకీ ఓ హద్దుంది. పరమాణువు నంబర్‌కి ఇచ్చినవి 5 గడులే, అంటే 99,999తో సరి. రైబోజోమ్ లాంటి పెద్దవాటిని పాపం ముక్కలు చేసి వేర్వేరు ఫైళ్లలో పెట్టాల్సి వచ్చింది. 2014 నుంచి అవి ఎమ్ఎమ్‌సిఫ్ అనే ఫార్మాట్‌లో ఒక్కటే ఫైల్‌గా దొరుకుతున్నాయి. అందులో గడుల లెక్క లేదు, ఏ కాలమ్ ఏంటో ఫైలే పేరుతో చెబుతుంది.