ఎంపనాదా - గరిజె

పిండి పొరలో పూర్ణం కూరి, అంచులు మూసి, పొయ్యిలో కాల్చే లేదా నూనెలో వేయించే స్పానిష్ వంటకం ఎంపనాదా. స్పానిష్‌లో ‘పాన్’ అంటే రొట్టె. అది లాటిన్ ‘పానిస్’ నుంచి వచ్చింది. రొట్టెలో పొదగడం ‘ఎంపనార్’, అలా పొదిగినది ఎంపనాదా. 1520లో బార్సిలోనాలో అచ్చయిన, నోలా అనే వంటవాడు రాసిన కాటలాన్ వంటల పుస్తకంలోనే ఈ వంట కనిపిస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు వరకు పాలమూరు జిల్లాలో భాగం. ఇక్కడ ఎంపనాదాకు రూపంలో దగ్గరి వంట గరిజె. తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోతే అదే కజ్జికాయ. పడమట రాయచూరు వైపు కన్నడంలో కర్జికాయి, ఇంకా అవతల మరాఠీలో కరంజి. సంస్కృతంలోని ‘ఖాద్యం’ ప్రాకృతంలో ‘ఖజ్జం’ అయి, తెలుగులో ‘కజ్జం’గా స్థిరపడింది. తినేది అని దాని అర్థం. కాయలా ఉబ్బి ఉంటుంది గనుక కాయ తోడైంది. స్పానిష్ పేరు వండే తీరును చెబుతుంది, తెలుగు పేరు రూపాన్ని చెబుతుంది. పేర్ల మధ్య చుట్టరికం ఏమీ లేదు.

గరిజె నైపుణ్యమంతా అంచులో ఉంది. పిండిని పూరీలా ఒత్తి, పూర్ణపు పొడి పెట్టి, సగానికి మడిచి, తడి అద్ది, వేళ్లతో జడలా అల్లుతారు. అల్లిక విడితే పొడి నూనెలో రాలి మాడుతుంది, ఆ వాయి అంతా నల్లబడుతుంది. అచ్చుతో పని త్వరగా అవుతుంది గానీ చేతి అల్లిక అందం దానికి రాదు. లోపల తడి లేదు కాబట్టి రోజుల తరబడి నిలుస్తుంది. పండగ దాటాక కూడా డబ్బాలో ఉండేది, ఊరెళ్లే బిడ్డ సంచిలోకి చేరేది అదే.

అసలు చుట్టరికం పూర్ణంలో ఉంది. నువ్వులు, కుడుక, బెల్లం ఇక్కడ పాతవే. పల్లీలు అలా కావు. పాలమూరు చెలకల్లో విరివిగా పండే వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా, బొలీవియా దక్షిణాన అర్జెంటీనా వాయవ్యాన్ని ఆనుకున్న నేల. కొలంబస్ తరువాతి ఓడ ప్రయాణాలతోనే అది మన దేశానికి చేరింది. అవే కాలాల్లో స్పెయిన్ వాళ్లు ఎంపనాదాను ఎదురు దిక్కున ఆ ఖండానికి తీసుకుపోయారు. అర్జెంటీనా వాయవ్యంలోని సాల్తా ఇప్పుడు ఎంపనాదాకు పేరుపడ్డ ఊరు. అక్కడ అందులో మాంసం, ఆలుగడ్డ కూరుతారు. వనపర్తి ఇళ్లలో గరిజెలో వేయించి దంచిన పల్లీలు, బెల్లం కూరుతారు.