ధర్మపురి: చిరునామాలు మారినా చెదరని ఊరు

ఒకే ఊరికి ఎన్ని చిరునామాలుంటాయో కార్యాలయాల్లో పనిచేసిన మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. గోదావరి ఒడ్డున, జగిత్యాలకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ధర్మపురి ఇందుకు చక్కని ఉదాహరణ. నిజాం కాలంలో ఇది ఎలగందల జిల్లాలోనిది. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. 1948లో నిజాం పాలన ముగిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం, 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడ్డాయి. 2018లో గ్రామ పంచాయతీ పురపాలక సంఘమైంది. కాగితాల మీద ఇన్ని మార్పులు జరిగినా ఊరి ఆనవాళ్లు మాత్రం దాని కట్టడాలే.

వాటిలో మొదటిది శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆలయం. స్వామి ఇక్కడ యోగమూర్తిగాను, ఉగ్రమూర్తిగాను పూజలందుకుంటాడు. చెంతనే రామలింగేశ్వరాలయం ఉంది కనుక ఇది శివకేశవుల క్షేత్రమని పేరుపొందింది. యమధర్మరాజుకు ప్రత్యేకంగా గుడి ఉండడం మరో విశేషం. అక్కడి గండదీపంలో నూనె పోస్తే గండాలు తొలగుతాయని భక్తుల నమ్మకం. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదనే నానుడి అందరూ ఎరిగినదే.

బ్రహ్మపుష్కరిణిని జనం కోనేరనే పిలుస్తారు. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో స్వామిని తెప్పపై కోనేటిలో తిప్పి, నడుమనున్న మంటపంలో డోలోత్సవం జరుపుతారు. మెట్లన్నీ జనంతో నిండిపోతాయి. నీరు, మెట్లు, మంటపం మూడూ కలిస్తేనే ఆ ఉత్సవం.

ఈ ఊరి పేరును తెలుగునాట ఇంటింటికీ చేర్చినవాడు శేషప్ప కవి. ఆయన నరసింహ శతకం మకుటంలోనే ధర్మపురి ఉంది. ఈ ఊరు చూడని పిల్లలు కూడా బడిలో ఆ పద్యాలు వల్లించారు. రాతికట్టడం చేయలేని పని పద్యం చేసింది.

ఇక గోదావరి. ఇక్కడ నది దక్షిణముఖంగా ప్రవహిస్తుంది. ఎగువన పోచంపాడు వద్ద 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ఎన్నో పొలాలకు నీరిచ్చింది. అయితే వేసవిలో స్నానఘట్టాల వద్ద నది సన్నని పాయలవుతుంది. 1991, 2003, 2015 పుష్కరాలకు జనం పోటెత్తారు. తిరిగి 2027లో పుష్కరాలు రానున్నాయి.

పుష్కరాలంటే రోడ్ల విస్తరణ, కొత్త ఘాట్లు, కొత్త కట్టడాలు. అవి అవసరమే. కాని పాత మెట్లు, మంటపాలు, పెంకుటిళ్లు, వీధుల పేర్లు ఒకసారి పోతే తిరిగి రావు. పహాణీలు, కొలతలు, రిజిస్టర్లు చదవడం వచ్చిన విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తలా ఒక వీధి చూసి, పెద్దలనడిగి, నాలుగు పుటలు రాసిపెడితే చాలు. సర్వీసు ముగిసినా ఈ బాధ్యత నుంచి మనకు విరమణ లేదు.