80 కాలమ్‌ల కార్డు, అమీర్‌పేట పాఠం: వినియోగదారుల విధేయతపై ఒక పరిశీలన

కంప్యూటర్ సంస్థలు వినియోగదారులను ఎలా నిలుపుకుంటాయన్న చర్చ నాలుగు దశాబ్దాలుగా ఒక కీబోర్డు దగ్గరే చిక్కుకుపోయింది. ఒకసారి పాతుకుపోయిన పద్ధతి తనకంటే మెరుగైనదాన్ని రానివ్వదని 1985లో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ మామూలు క్వెర్టీ కీబోర్డును చూపి వాదించారు. దానికి ఆధారాలు చాలవని, దానికి పోటీగా వచ్చిన డ్వోరాక్ కీబోర్డును మెచ్చుకున్న అమెరికా నౌకాదళ పరీక్షలు నమ్మదగినవి కావని 1990లో ఆర్థికవేత్తలు లీబోవిట్జ్, మార్గోలిస్ తిప్పికొట్టారు. అంతవరకూ పేచీ లేదు. కానీ మెరుగైన వస్తువు నిజంగా ఉంటే దానివల్ల లాభపడేవాళ్లే మార్పు తెచ్చుకుంటారని, కాబట్టి నిలిచినదాన్ని చూసి బెంగపడనక్కర్లేదని కూడా వారు సూచించారు. నా అభ్యంతరం ఇక్కడే. ఈ లెక్కలో వస్తువు కొన్నవాడున్నాడు. దానిమీద పని నేర్చినవాడు లేడు.

అమీర్‌పేటలో మైత్రివనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో మెయిన్‌ఫ్రేమ్ పాఠాలు గమనిస్తున్నప్పుడు ఈ అనుమానం బలపడింది. అక్కడ ఐబీఎం యంత్రం కొనేవాళ్లెవరూ ఉండరు. అయినా కోబాల్ భాష పాఠం ఐబీఎం పంచ్ కార్డు కొలతలతోనే మొదలవుతుంది. మొదటి 6 కాలమ్‌లు వరుస సంఖ్యకు. 7వది వ్యాఖ్య గుర్తుకు. పేరాగ్రాఫ్ పేరు 8 నుంచి 11 లోపు మొదలు కావాలి, ఆదేశం 12 నుంచి 72 లోపు పడాలి. యంత్రానికి పనులు అప్పగించే జేసీఎల్‌లో అయితే మొదటి రెండు కాలమ్‌లలో రెండు స్లాష్‌లు ఉండాల్సిందే. అందులో 73 నుంచి 80 వరకు ఎందుకు వదిలేయాలని అడిగిన విద్యార్థికి దొరికే జవాబు ముచ్చటైనది: కార్డుల కట్ట చేజారి చెల్లాచెదురైతే మళ్లీ పేర్చుకోవడానికి అక్కడ అంకెలు కొట్టుకునేవారు. ఐబీఎం ఆ 80 కాలమ్‌ల కార్డును తెచ్చింది 1928లో. కార్డులు ఎప్పుడో పోయినా వాటి కొలత ఖమ్మం నుంచో ఒంగోలు నుంచో వచ్చిన కుర్రాడి చేతివేళ్లకు అలవాటవుతోంది. ఫీజు కట్టేదీ అతడే.

ఈ పద్ధతి ఎలా పాతుకుపోయిందో చూద్దాం. 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 యంత్రాల కుటుంబాన్ని ప్రకటించేదాకా ఐబీఎం కొనుగోలుదారుకు కొత్త యంత్రమంటే తరచు ప్రోగ్రాములన్నీ తిరగరాసుకోవడమే. 360 కుటుంబంలో చిన్న యంత్రానికీ పెద్దదానికీ ఒకే ఆదేశాల భాష. ఐబీఎం పాత యంత్రం 1401 ప్రోగ్రాములు కూడా కొన్ని మోడళ్లపై నడిచేలా ఏర్పాటు చేశారు. ఆనాటి అప్లికేషన్లు ఐబీఎం నేటి జెడ్ మెయిన్‌ఫ్రేమ్‌లపైనా నడవగలవు. 360 రూపశిల్పుల్లో ముఖ్యుడైన జీన్ ఆమ్దాల్ 1970లో బయటికొచ్చి సొంత సంస్థ పెట్టుకున్నారు. 1975లో ఆయన అమ్మిన 470వి/6 కూడా ఐబీఎం సాఫ్ట్‌వేర్‌ను నడిపేదే. పోటీకి దిగినవాడూ ఆ పద్ధతిలోనే పోటీపడాల్సి వచ్చింది.

మన దేశ అనుభవం ఇంకా గట్టి సాక్ష్యం. విదేశీ పెట్టుబడి నిబంధనల దగ్గర పొసగక ఐబీఎం 1978లో వెళ్లిపోయింది. ఆ యంత్రాల నిర్వహణను ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేపట్టింది. 1992లో టాటాలతో కలిసి ఐబీఎం తిరిగొచ్చేనాటికి మెయిన్‌ఫ్రేమ్ విద్య ఇక్కడ బతికే ఉంది. 2000 సంవత్సరపు తేదీల సమస్య (వై2కే) వచ్చాక అమెరికా బ్యాంకుల, బీమా కంపెనీల పాత కోబాల్‌ను సరిచేయడానికి మనవాళ్లు పెద్దఎత్తున వెళ్లారు. మనుషులు దొరికాక పాత యంత్రాన్ని మార్చాలన్న ఒత్తిడి ఆ కంపెనీలకు తగ్గింది. మెయిన్‌ఫ్రేమ్‌ను వదిలించుకున్న సంస్థలూ ఉన్న మాట నిజమే.

ఇప్పుడు అవే వీధుల్లో అమెజాన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ కోర్సుల బోర్డులున్నాయి. నిల్వకు ఎస్3, సర్వర్‌కు ఈసీ2 అంటూ కంపెనీ పెట్టిన పేర్లతోనే పాఠం సాగుతుంది. పరీక్ష, సర్టిఫికెట్ కూడా ఆ కంపెనీవే. రాబోయే పాతికేళ్ల కంప్యూటింగ్ ఏ రూపంలో ఉండాలో ఈ గదుల్లోనే తేలిపోతోందని నా నిశ్చితాభిప్రాయం. ఒక సంస్థ నుంచి మరోదానికి మారడానికి అయ్యే ఖర్చులో ఆ విద్యార్థి కట్టిన ఫీజును, వెచ్చించిన నెలలను కలపనంతకాలం లీబోవిట్జ్, మార్గోలిస్‌ల లెక్క సరిపోదు.