మూత్రంలో దొరికిన జాడ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక మగ్గం కుటుంబం తొమ్మిదేళ్ల బాలుణ్ణి తీసుకువచ్చింది. తలనొప్పి, గుండెదడ, ఉండి ఉండి ఒళ్ళంతా చెమటలు. ఎండదెబ్బ అనుకొని మందులిచ్చి పంపాను. మూడవసారి వచ్చినప్పుడు గాని బి.పి. చూడలేదు. పిల్లల చేతికి సరిపడే పట్టీ నా వద్ద లేదు. పెద్దల పట్టీ పిల్లలకు అంకెను తక్కువ చేసి చూపుతుంది. అయినా ఎక్కువే వచ్చింది. కర్నూలుకు పంపితే, మూత్రపిండం మీది అడ్రినల్ గ్రంథిలో కణితి బయటపడింది. ఫియోక్రోమోసైటోమా. శస్త్రచికిత్సతో బాలుడు కోలుకున్నాడు. ఆలస్యం మాత్రం నాదే.

ఈ కణితి నాడీకణజాలానికి చెందినది. అడ్రినలిన్ వంటి హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. 1886లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఫ్రెంకెల్ అనే వైద్యుడు ఇటువంటి లక్షణాలతోనే మరణించిన మిన్నా రోల్ అనే 18 ఏళ్ల యువతి కథను ప్రకటించాడు. శవపరీక్షలో రెండు అడ్రినల్ గ్రంథులలోనూ కణితులు కనిపించాయి. నూటఇరవై ఏళ్ల తరువాత, 2007లో, ఆమె బంధువుల జన్యువులను పరీక్షించి అది వంశపారంపర్యమని తేల్చారు. అందుకే ఇంట్లో ఒకరికి ఈ కణితి ఉంటే తోబుట్టువులనూ చూడవలసి ఉంటుంది.

శవపరీక్ష దాకా ఆగనక్కరలేని మార్గం 1957లో దొరికింది. ఈ హార్మోన్లు శరీరంలో విరిగి వి.ఎం.ఎ. అనే పదార్థంగా మూత్రంలోకి వస్తాయని ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం చూపింది. పసిపిల్లలలో వచ్చే న్యూరోబ్లాస్టోమా కూడా ఇదే జాడను వదులుతుంది. మా కాలంలో ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని ఆమ్లం వేసిన సీసాలో పట్టించేవారం. అరటిపండు, కాఫీ వద్దనేవారం. అవి పాత పరీక్షను తప్పుదారి పట్టించేవి. నేడు మెటానెఫ్రిన్ల పరీక్ష ఇంకా నమ్మదగినది.

ఇంత సులువైన పరీక్షను పిల్లలందరికీ చేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. జపాన్ అదే చేసింది. 1980ల నడుమ నుండి దేశమంతటా తల్లులు ఆరు నెలల బిడ్డల మూత్రాన్ని వడపోత కాగితంపై ఆరబెట్టి పంపేవారు. కణితులు చాలానే దొరికాయి. కాని వాటిలో పెక్కు వాటంతట అవే కరిగిపోయే రకం. ప్రమాదకరమైనవి తరువాత, పెద్ద వయసులో వచ్చేవి. 2002లో కెనడా, జర్మనీ పరిశోధనలు ఈ పరీక్షతో మరణాలు తగ్గలేదని చూపగా, జపాన్ 2003లో దానిని ఆపాలని నిర్ణయించింది. అవసరం లేని శస్త్రచికిత్సలకు గురైన పసివాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది.

కాబట్టి పరీక్ష లక్షణాలున్న బిడ్డకే. కడుపులో గట్టి గడ్డ, దెబ్బ తగలకుండానే కళ్ళ చుట్టూ కమిలిన నలుపు, కారణం లేని కుంటు, చెమటలతో తలనొప్పి కనిపిస్తే వైద్యుణ్ణి కలవండి. పిల్లల పట్టీతో బి.పి. చూడమని మీరే అడగండి.