కడప జిల్లాలో మద్యనిషేధము - త్రాగువాని సంగతి

1938 అక్టోబరు 1వ తేదీన మన కడప జిల్లాలోని కల్లంగళ్లును, సారాయంగళ్లును మూతపడినవి. అంతకు సరిగా ఒక యేడు ముందు, 1937 అక్టోబరు 1న, చక్రవర్తి రాజగోపాలాచారి గారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి యుండెను. రెండవ యేట చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చెను. చెన్నరాష్ట్రములో ఈ ప్రయోగమును మొట్టమొదట చవిచూచిన తెలుగు జిల్లాలు ఈ రెండే. పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చు మన గండి మొదలు వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వరకు అందరమును చెప్పుకొనదగిన సంగతి యిది. కాని నేడు దీని నెరిగినవారు మనలో కొలదిమంది మాత్రమే.

ఆ దినమున మూతపడినది అంగడి మాత్రమే కాదు. దాని వెనుక ఆబ్కారి యను పాత ఏర్పాటు ఒకటి యుండెను. కల్లు, సారాయి అమ్ముకొను హక్కును దొరతనమువారు వేలము వేయుదురు. హెచ్చుపాట పాడిన గుత్తదారు తన సొమ్ము రాబట్టుకొనవలెనన్నచో ఊరివారిచేత హెచ్చుగా త్రాగింపవలెను. త్రాగువాడు తన బలహీనత చేతనే చెడెనని లోకమంతయు అనును గాని, వానిచేత త్రాగించుటలో లాభము గలవారు ఎందరో ఎవ్వరును లెక్కింపరు. అందులో ప్రభుత్వమే పెద్ద భాగస్వామి. రాష్ట్రాదాయములో ఇంచుమించు నాలుగవ వంతు ఆబ్కారి వలననే వచ్చుచుండెను. ఆ లోటును పూడ్చుటకే 1939లో అమ్మకపు పన్ను పుట్టినది. మద్యనిషేధము పలుమారులు వచ్చి పలుమారులు పోయినది; పన్ను మాత్రము పేర్లు మార్చుకొనుచు నేటికిని నిలిచియే యున్నది!

రాజాజీ గారి పద్ధతిలో మెచ్చుకొనదగిన విశేషము మరియొకటి కలదు. అంగడి మూసినంత మాత్రమున త్రాగువానికి సాయంకాలము రాకుండ పోదు. దినమెల్ల ఎండలో కాయకష్టము చేసినవాడు పొద్దుగూకిన తరువాత ఎక్కడికి పోవలెను? ఎవరితో మాటలాడవలెను? సేలములో ఈ ప్రశ్నను వారు ముందే వేసికొనిరి. తేనీటి అంగళ్లకు ప్రోత్సాహ మిచ్చిరి. ఆటలు, భజనలు, వినోదములు ఏర్పరచిరి. పొదుపునకు సహకార సంఘములను నెలకొల్పిరి. కల్లుగీత వృత్తివారి బ్రతుకుతెరువు మాత్రము ఈ కార్యములో మిక్కిలి దెబ్బతినెను. తరతరములుగా ఆ చెట్టునే నమ్ముకొన్నవారికి ఒక్క ఉత్తరువుతో వృత్తి పోవుట చిన్న కష్టము కాదు. సంస్కరణమును పొగడువారు దీనిని మరువరాదు.

1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను. యుద్ధకాలమున నిషేధము నిలిపివేయబడి, 1946లో మరల వచ్చి, 1948 అక్టోబరు 2వ తేదీ నాటికి రాష్ట్రమంతట అమలయ్యెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన మరుసటి యేడే, 1954 నవంబరులో, ఈ మద్యనిషేధ వివాదము మీదనే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఒక్క వోటు తేడాతో కూలిపోయెను. దొంగసారా బట్టీలు, లంచములు, జరిమానాలు పెరిగి చట్టము పలుచబడి, తుదకు 1969లో ఎత్తివేయబడెను. అటుపిమ్మట మరల సారాయి వేలములు!

ఈమారు దానిని ఆపినవారు నాయకులు కారు. నెల్లూరు జిల్లాలో 1991 జనవరిలో అక్షరదీపము అను వయోజన విద్యా కార్యక్రమము మొదలయ్యెను. అందలి వాచకములో ఆడువారు ఏకమై సారాయంగడిని మూయించిన కథ యొకటి యుండెను. పలకా బలపము పట్టి ఆ కథను చదువుకొన్న దూబగుంట స్త్రీలు, మనమెందుకు అట్లు చేయరాదని లేచిరి. వారిలో వర్ధినేని రోశమ్మ గారి పేరు దేశమంతట వినబడెను. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే యేడు అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో పోయెను. 2019 అక్టోబరు నుండి దశలవారి నిషేధ మనుచు ప్రభుత్వమే దుకాణములు నడిపెను. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోయినవి. గ్రంథాలయ సంచికలో వ్రాయుచున్నాను గనుక ఒక్క మాట అనుటకు సాహసించుచున్నాను: ఇంత చరిత్రలో ఒక పాఠము చేసినంత పని ఏ ఉపన్యాసమును చేయలేదు.

అయితే ఈ రాకపోకలలో అందరును అంగడిని గూర్చియే వాదించిరి. త్రాగువాని శరీరములో ఏమి జరుగునో విచారించినవారు అరుదు. 2020 మార్చిలో కరోనా కారణముగా దుకాణములు ఉన్నపళముగా మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి వణకుచు, భ్రమించుచు వచ్చినవారు ఎందరో. ఆ యేడు జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో చేతులు శుభ్రపరచుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. అది విషమని వారికి తెలియదా? తెలిసియు ఆగలేని స్థితికే వ్యసన మని పేరు.

ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగువాని మెదడు మద్యమునకు అలవాటుపడి, దాని మత్తునకు ఎదురుగా తన వేగమును పెంచుకొని యుండును. మద్యము హఠాత్తుగా ఆగినచో ఆ వేగమునకు అడ్డుండదు. కొలది గంటలలో చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. ఒకటి రెండు దినములలో కొందరికి మూర్ఛలు వచ్చును. రెండు మొదలు నాలుగు దినములలో లేనివి కనబడుట, మతి తప్పుట, జ్వరము కలిగి, చికిత్స లేనిచో ప్రాణము పోవుటయు కలదు. ఇంటివారు దీనిని దయ్యమనుకొని అంత్రములు కట్టింతురు. లేదా నటన యనుకొని గదిలో పెట్టి తాళము వేయుదురు. రెండును ప్రమాదకరములే. వైద్యుని పర్యవేక్షణలో నరములను శాంతింపజేయు మందును క్రమముగా తగ్గించుచు, బి1 విటమిన్ ఇచ్చుచు నడిపించినచో ఈ వారము సాధారణముగా క్షేమముగా గడచును. ఇందుకు దారి చూపుటకు 14446 అను ప్రభుత్వ టెలిఫోను సంఖ్యయు కలదు. పిలుపునకు ఖర్చు లేదు.

అసలు కష్టము ఆ వారము తరువాతనే. శ్రావణ శనివారములలో గండి ఆంజనేయస్వామి సన్నిధికి వచ్చు వేలమందిలోను, దీక్షమాల వేసికొని నలువదియొక్క దినములు చుక్క ముట్టనివారిలోను త్రాగుడు గలవారు మన మెరిగినవారే యుందురు. మాల తీసిన మరునాడే మరల అంగడి దారి పట్టినవారిని చూచి ఊరు నవ్వును. నేను నవ్వజాలను. ఆ నలువది దినములు వాడెట్లు నిలిచెను? వేళకు స్నానము, వేళకు భోజనము, తోడివారి సాంగత్యము, అందరు స్వామీ యని పిలుచు మన్నన. మాలతో పాటు ఇవన్నియు ఒక్కమారుగా తొలగిపోవును. మిగిలినది వెనుకటి సాయంకాలము, వెనుకటి స్నేహితులు. నిత్యము మిక్కుటముగా త్రాగువాడు మాల వేయుటకు ముందు వైద్యునికి చూపించుకొనుట మంచిదని కూడ ఇచ్చట చెప్పవలసియున్నది.

అమెరికాలోని ఏక్రన్ పట్టణములో 1935లో ఇద్దరు త్రాగుబోతులు ఈ రహస్యమునే కనుగొనిరి. ఒకరు వ్యాపారస్థుడు, ఒకరు శస్త్రవైద్యుడు. తనవంటి మరియొకనితో మనసువిప్పి మాటలాడిన దినమున త్రాగకుండ నుండగలనని వారికి అనుభవమయ్యెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము అట్లు పుట్టి 1957లో భారతదేశమునకు వచ్చినది. అందులో రుసుము లేదు, పేరు బయట పెట్టరు, ఆయుష్షంతటికి ప్రమాణము చేయుమనరు. ఈ ఒక్కదినము త్రాగకుము అందురు. జారిపడినవాడు మరల వచ్చినచో మరల కూర్చుండబెట్టుదురు. అమెరికా వైద్యసంఘము 1956లో త్రాగుడును చికిత్స చేయదగిన వ్యాధిగా పరిగణించినది.

ఇట్టి కూడికకు మేడలు అక్కరలేదు. నలుగురు కూర్చుండు చోటు, ఒక దీపము, ఒక కుండెడు మంచినీరు చాలును. మన గ్రంథాలయములో ఇవి కలవు. పొద్దుగూకినది మొదలు రెండు గంటలు ఈ గది తలుపు తెరచియుంచి, లోనికి వచ్చినవానిని నీవెందుకు వచ్చితివని అడుగకుండ, చదువరానివానికి పత్రిక చదివి వినిపించుటకు ఒకరిద్దరు యువకులను నియమింపవలసినదిగా కార్యవర్గము వారిని కోరుచున్నాను.